ఎర్ర గీత పైన

ఫిబ్రవరి 6

అక్కా,

ముందు కూర్చో. నిలబడి చదివితే గంతులేస్తావు, ఆ షెడ్డులో నేలంతా తడి, జారి నడుం విరగ్గొట్టుకుంటావు. మా మేనేజరు ఒప్పుకున్నాడు. నీ చేపముక్కలు ఒక్క కంటైనరు తెప్పించి చూస్తాడట. బాగుంటే ఇక ఏడాది పొడుగునా నీ దగ్గరే కొంటాడు. బాగోకపోతే మళ్లీ నీ పేరెత్తడు. ఆ రెండో మాట కూడా నవ్వుతూనే అన్నాడు. ఇన్నేళ్లూ నువ్వు ఒళ్లు వంచి పనిచేస్తే సరుకు దళారి పేరు మీద ఓడెక్కింది. ఈసారి పెట్టెల మీద నీ షెడ్డు పేరే వేయించు, పెద్ద అక్షరాలతో.

ఒక సంగతి దాచాను. నువ్వు నాకు అక్కవని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఈ కోల్డ్ స్టోరేజికి వచ్చిన ప్రతి కంటైనరూ తలుపు తీసి చూసి, తీసుకోవాలో వద్దో రాసేది నేనే. సొంత అక్క సరుకని తెలిస్తే నన్ను దాని దరిదాపులకి రానివ్వరు. అందుకే ఫోను చెయ్యకు. ఇక్కడ ఫోను మేనేజరు బల్ల మీద ఉంటుంది. అక్కడేమో షెడ్డు నడిమధ్యన, ఐసు మామయ్య కుర్చీ పక్కన ఉంటుంది. వారం పట్టినా ఉత్తరాలే నయం.

ఇక ఇది శ్రద్ధగా చదువు. కంటైనరు మన ఫ్రీజరు లాంటిది కాదు. సరుకును అది గడ్డకట్టించదు, గడ్డకట్టినదాన్ని అలాగే ఉంచుతుంది, అంతే. కాబట్టి ముక్క లోపలి దాకా మైనస్ పద్దెనిమిదికి వచ్చాకే ఎక్కించు. లోపల గోడ మీద, పైకప్పుకి జానెడు కింద, ఒక ఎర్ర గీత ఉంటుంది. పెట్టెలు ఎంత బిగుతుగా పేర్చినా ఫర్వాలేదు కానీ ఆ గీత మాత్రం దాటకూడదు. చల్లగాలి నేల కిందనుంచి తలుపు దాకా వెళ్లి, పైకి లేచి, ఆ ఖాళీలోంచే మళ్లీ మెషీను దగ్గరికి వస్తుంది. ఆ దారి మూసేస్తే అంతే సంగతులు. ఈ పేరా మామయ్యకి రెండుసార్లు చదివి వినిపించు.

సంతోషం పట్టలేక చేతిరాత ఇలా ఉంది, ఏమీ అనుకోకు.

నీ చెల్లి


ఫిబ్రవరి 19

చెల్లికి,

నీ మాట ప్రకారం కూర్చునే చదివాను. చదివాక లేచి గంతులేశాను. ముక్కలు కోసే ఆడవాళ్లు నాకేదో పట్టిందనుకుని మొహాన నీళ్లు కొట్టబోయారు. వాళ్లకి సంగతి చెప్పాక ఒకావిడ కత్తి కింద పెట్టి నన్ను కావలించుకుంది. ఆ చేపల వాసన నా రవికకి ఇంకా వదల్లేదు.

సరుకు ఓడెక్కింది. మొన్న పదిహేడునే బయల్దేరింది. నువ్వన్నట్టే ప్రతి పెట్టెలోనూ ఒక ముక్కకి రంధ్రం చేసి, థర్మామీటరు గుచ్చి చూశాకే కదలనిచ్చాను. ఎక్కించే పని మాత్రం మామయ్య నా చేతుల్లోంచి లాక్కున్నాడు. నీ ఉత్తరం ఒకసారి చదివితే విన్నాడు, రెండోసారి మొదలెట్టగానే చెయ్యెత్తాడు. నలభై ఏళ్లు ఐసు దిమ్మలు లారీల్లో పంపినవాడికి చలి బయటికి పోకుండా చూడ్డం పొట్టిది నేర్పుతుందా అన్నాడు. నిన్ను ఇంకా పొట్టిదనే అంటాడు.

ఖాళీ వదిలితే చలి అందులోంచే కారిపోతుందని ఆయన పట్టుదల. పైకప్పు దాకా నింపించాడు. దాంతో నువ్వు చెప్పినదానికంటే ఒక వరస ఎక్కువే పట్టింది, మీ మేనేజరుకి మన కానుక అనుకో. అంతా అయ్యాక తలుపులు మూయబోతుంటే ఆగమన్నాడు. ఇంటికెళ్లి అత్తయ్య కుట్టిన బొంతలన్నీ మోసుకొచ్చాడు. పైన మిగిలిన సందుల్లోనూ, తలుపు దగ్గర జాగాలోనూ ఒక్కొక్కటే దోపుతూ, నిద్రపోతున్న పిల్లకి కప్పినట్టు కప్పాడు. "ఐసుకి గోనెపట్టా చాలు. ఇది నా మేనకోడలి దగ్గరికి పోయే సరుకు" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. నువ్వుండి చూడాల్సింది.

బొంతలు పారేయకు. అత్తయ్య తిరిగి అడుగుతుంది.

గాల్లో తేలుతున్న
అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

నీ ఉత్తరం అన్నం తింటూ చదివాను. బొంతల దగ్గరికి వచ్చేసరికి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నీ మీద అరవాలని ఉంది, మామయ్య మీద అరవాలని ఉంది. ఇక్కడ అరిస్తే వినే నాథుడు లేడు.

ఐసు దిమ్మకి చలి దాని ఒంట్లోనే ఉంటుంది, దాన్ని కప్పితే సరిపోతుంది. కంటైనరులో చలి ఒక కొసనున్న మెషీనులోంచి వస్తుంది. గాలే దాన్ని మోసుకెళ్లి అన్ని పెట్టెలకీ పంచాలి. మామయ్య ఆ గాలి వెనక్కి వచ్చే దారిని బొంతలతో బిగించేశాడు. ఇప్పుడు మెషీను పక్కనున్న పెట్టెలు రాయిలా ఉంటాయి. తలుపు వైపు పైవరసలు ఎండకి మెల్లగా మెత్తబడుతుంటాయి. ఓడ మీద మనిషి రోజూ వచ్చి చలి కొలిచే ముల్లు చూసి అంతా బాగుందని రాసుకుంటాడు. ఆ ముల్లు ఉండేది మెషీను దగ్గరే మరి.

ఒకే ఒక్క దారి ఉంది. మధ్యలో ఒక రేవులో మన కంటైనరుని దింపి ఇంకో ఓడెక్కిస్తారు. అక్కడికి మార్చి పదో తేదీ ప్రాంతంలో చేరుతుంది. పంపినవాళ్లు గానీ కొన్నవాళ్లు గానీ అడిగితే తలుపు తీసి, బొంతలు లాగేసి, గీత పైనున్న పెట్టెలు దింపేస్తారు. ఈ ఉత్తరం అందగానే, సరుకు ఓడెక్కించిన ఏజెంటు దగ్గరికి పరుగెత్తు. మామయ్యకి ఇప్పుడే చెప్పకు. ఎలా చెప్పాలో తర్వాత ఇద్దరం ఆలోచిద్దాం.

దేన్ని ముట్టుకున్నా మెత్తగా తగులుతోంది.

చెల్లి


మార్చి 6

చెల్లికి,

ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ఎవరి సంగతో కనుక్కుంటున్నట్టు మాట కలిపాను. మధ్యలో తలుపు తీస్తే దానికి వేసిన సీలు మార్చాలట. సీలు మారిస్తే ఎందుకు మార్చారో కొన్నవాళ్లకి రాసి పంపాలట. అంటే మా తప్పు మేమే మీ మేనేజరుకి దండోరా వేసి చెప్పుకున్నట్టు. ఆయన ఇచ్చిన మంచినీళ్లు తాగి, నోరు మూసుకుని తిరిగొచ్చేశాను.

నువ్వు ఎప్పుడూ ఇంతే. చిన్నప్పుడు పాలు పొంగిపోతాయేమోనని నన్ను పొయ్యే వెలిగించనిచ్చేదానివి కాదు. మామయ్య అంత మనిషి, చల్లదనంలోనే బతుకంతా గడిపినవాడు, మరీ అంత తెలియకుండా చేస్తాడా? ఏదో కొంచెం అటూ ఇటూ అయి ఉంటుంది.

నిన్న దళారి వచ్చాడు. ఈ కంటైనరు బెడిసికొడితే షెడ్డు తనకి అప్పజెప్పి, కావాలంటే మేస్త్రీగా ఉండమన్నాడు. కోపంగా అనలేదు. టీ తాగి, కప్పు కడిగి మరీ పెట్టి వెళ్లాడు. ఆ మర్యాదకే నాకు భయమేసింది. ఇక మీ మీద ఎవరి పెత్తనమూ ఉండదని నా ఆడవాళ్లకి మూడు వారాలుగా చెబుతున్నాను. వాళ్ల మొహాలు ఎలా చూడను?

అక్కడ తలుపు తీసేది నువ్వే కదా. బాగున్న పెట్టెలు తీసి చూడు, చూసిందే రాయి. అబద్ధం రాయమనడం లేదు. అన్నీ వెతకొద్దంటున్నాను, అంతే. నేను నిన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదలు.

అక్క


మార్చి 7

అక్కా,

నీ జవాబు వచ్చేదాకా ఆగితే ఆ రేవు దాటిపోతుంది. నువ్వు ఏజెంటుతో చెప్పావో లేదో తెలియదు. నిన్నంతా పనిలో తప్పులే. ఇవాళ పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పేశాను.

సరుకు మంచిదనీ, పేర్చడం తెలియక గాలి దారి మూసేశారనీ, మధ్యలో తలుపు తీయించమనీ అడిగాను. నీకెలా తెలుసని అడిగాడు. పంపింది మా అక్క అన్నాను. కాసేపు కలం మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. వెంటనే ఓడవాళ్లకి కబురు పంపాడు. ఆ తర్వాత, ఆ కంటైనరు జోలికి నన్ను రావద్దన్నాడు. తలుపు తీసేది నాతో పనిచేసే గడ్డమాయన. మంచివాడే, పని తొందర ఎక్కువ. ఇది అయ్యాక నన్ను తలుపుల పనిలో ఉంచుతాడో లేదో చెప్పలేదు.

సరుకు బాగుంటే మాత్రం నీతో వ్యాపారం చేస్తానన్నాడు. కాబట్టి ఆశ వదులుకోకు. ఎవరి పేరూ చెప్పలేదు. ఐసు పంపే అలవాటున్న పెద్దమనిషి ఒకాయన ఎక్కించాడని మాత్రం అన్నాను.

కోప్పడు, కానీ జవాబు రాయి.

చెల్లి


మార్చి 16

నీకు,

నీ ఏడో తేదీ ఉత్తరం ఇవాళ వచ్చింది. అంతకు ముందే సంగతంతా తెలిసిపోయింది. ఏజెంటు షెడ్డుకే వచ్చి, అందరి మధ్యా నిలబడి, రేవులో కంటైనరు తెరిచారని చెప్పాడు. తెరిపించింది కొన్నవాళ్లట, వాళ్లకి చెప్పింది నా చెల్లెలేనట, ఐసు ముసలాయన అడ్డదిడ్డంగా పేర్చాడని రాశారట. మామయ్య అక్కడే కుర్చీలో ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన లేచి, తన కుర్చీ మడిచి చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి రావడం లేదు. నేను వెళ్తే అత్తయ్య గుమ్మంలోనే నిలబడి నిద్రపోతున్నాడంటుంది. పట్టపగలు.

నువ్వు ఏడో తేదీన రాశానంటున్నావు. నేను నమ్మను. నా ఉత్తరం చేతికందగానే, అక్క నన్ను తప్పుడు పని చేయమంటోంది, నా ఉద్యోగానికి ఎసరొస్తుందని పరుగెత్తి ఉంటావు. తర్వాత తేదీ వెనక్కి వేసి ఉంటావు. అడిగినందుకు నాకే సిగ్గుగా ఉంది. ఇష్టం లేకపోతే చెయ్యనని రాస్తే సరిపోయేది. ఇంటి మనిషిని పదిమందిలో నిలబెట్టక్కర్లేదు.

నాకు ఉత్తరాలు రాయకు. సరుకు సంగతి ఏజెంటు చెబుతాడు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి ఆ తర్వాత నీ ఇష్టం. ఏజెంటు నోట వినేకంటే నా నోట వినడమే మంచిది.

ముందు తేదీ సంగతి. నా కవరు మీద తపాలా ముద్ర చూడు. నీ ఆరో తేదీ ఉత్తరం నాకు పద్నాలుగున అందింది. నేను మేనేజరు గదిలోకి వెళ్లేటప్పటికి నువ్వు నన్నేమి అడగబోతున్నావో నాకు తెలియనే తెలియదు. తెలిసి ఉంటే వెళ్లేదాన్నా అని ఇన్నాళ్లూ ఆలోచించాను. వెళ్లేదాన్నే. కానీ అడుగు ముందుకు పడేది కాదు.

నిన్న కంటైనరు వచ్చింది. నన్ను కాగితాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి నుంచి అద్దంలోంచి అంతా కనిపిస్తుంది. గడ్డమాయన తలుపు తీశాడు. పొగమంచు దొర్లుకుంటూ బయటికి వచ్చింది. పైన ఖాళీ ఉంది, బొంతలు లేవు. పెట్టెల మీద నీ షెడ్డు పేరు ఎర్రగా, పెద్దగా ఉంది. గర్వంగా అనిపించింది, ఆ గర్వం మీదే భయం వేసింది. తలుపు దగ్గర రెండు పెట్టెలు, మధ్యలోంచి రెండు, లోపలి కొసన ఒకటి తీసి థర్మామీటరు గుచ్చాడు. అన్నింట్లోనూ మైనస్ పద్దెనిమిదే. నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. పాపం, నేను సంతోషిస్తాననుకున్నాడు.

నువ్వడిగింది నేను చెయ్యకుండానే జరిగిపోతోంది, అక్కా. నేను చేయవలసిందల్లా కుర్చీలోంచి లేవకుండా ఉండడమే. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను. కానీ థర్మామీటరు ఈ పూట సంగతే చెబుతుంది. ఆ రేవు చేరేదాకా తలుపు వైపు పెట్టెలు మెత్తబడ్డాయా లేదా అన్నది దానికి తెలియదు. నేను తలుపు తీయించబట్టే, బొంతలు పోయి గాలి తిరిగి, ఈ మూడు వారాల్లో అవి మెల్లగా మళ్లీ గడ్డకట్టి ఉంటాయి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన చేప పైకి మంచిదానిలాగే ఉంటుంది. అది ఎవరింటికో పోతుంది, ఎవరింటికో నాకు తెలియదు. అలా అనుకోగానే లేచి వెళ్లాను.

తలుపు దగ్గర పైవరస పెట్టె ఒకటి పూర్తిగా విప్పి, అడుగున చూడమన్నాను.

"అంకె సరిగ్గానే ఉంది కదమ్మా. నీ అక్క సరుకు నీకే నచ్చడం లేదా? మీకూ మీకూ గొడవా?" అన్నాడు.

"గొడవే. అయినా విప్పండి" అన్నాను.

విప్పాడు. ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దయ్యాయి. పెట్టె మూలన, కరిగి కారిన నీరు గడ్డకట్టిన గులాబిరంగు ఐసు, వేలెడు మందాన. ఇంకొకటి విప్పాడు, అదీ అంతే. ఇంకొకటి. నాలుగో పెట్టె తీస్తూ నా మొహం చూడ్డం మానేశాడు.

తలుపు వైపు మూడోవంతు సరుకు పారబోశారు. మిగతాది బాగుంది, చాలా బాగుంది, ఆ మాట మేనేజరు కూడా అన్నాడు. కానీ ఇకమీదట నీ దగ్గర కొననన్నాడు. నేనెంత బతిమాలినా వినలేదు. నన్ను మాత్రం ఎల్లుండి నుంచి మళ్లీ తలుపుల దగ్గరికే వెళ్లమన్నాడు. నీ షెడ్డు పోయి నా పని నిలబడింది. దీన్ని ఎలా రాసినా నువ్వు అనుకున్నట్టే ఉంటుంది.

మామయ్యకి ఏం చెబుతావో నాకు తెలియడం లేదు. ఆయన ప్రేమగా చేశాడని నాకు తెలుసు, అది మాత్రం చెప్పు.

చెల్లి


మే 3

చెల్లికి,

మూడు వారాలు నీ ఉత్తరం గూట్లో పెట్టుకుని అటూ ఇటూ తిరిగాను. మొదటి వారం చించి పారేద్దామనుకున్నాను. రెండో వారం నా ఆడవాళ్లు అడిగితే ఓడ ఆలస్యమైందని చెప్పాను. కొత్తగా చేరినదానికి కూడా నా మొహం చూస్తే తెలిసిపోయింది.

కవరు మీద ముద్ర కూడా చూశాను. ఏడో తేదీయే. ఆ మాటన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను, నువ్వు కూడా నన్ను నాలుగు తిట్టు.

తర్వాత ఒక పని చేశాను. మన సరుకులోంచే ఒక పెట్టె బయట పెట్టి, మెత్తబడ్డాక మళ్లీ ఫ్రీజరులో పెట్టాను. రెండు రోజులాగి థర్మామీటరు గుచ్చితే మైనస్ పద్దెనిమిది చూపించింది. పైన చూస్తే ముద్దుగా, మెరుస్తూ ఉంది. నేనే అయితే ముద్ర వేసి పంపేదాన్ని. ఆ తర్వాత అడుగున చూశాను. నువ్వు చెప్పిన గులాబిరంగు ఐసు. కరిగించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతే, గోతిలో పూడ్చి చేతులు కడుక్కున్నాను. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు.

అప్పుడు మామయ్య ఇంటికి వెళ్లాను. అత్తయ్య నిద్రపోతున్నాడనబోతే తోసుకుని లోపలికి పోయాను. ఆయన మేలుకునే ఉన్నాడు. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, పారబోసిన సంగతి కూడా. గోడవైపు తిరిగి విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఎవరైనా తిన్నారా?"

"లేదు మామయ్యా. చెల్లి తిననివ్వలేదు."

ఆయన లేచి కూర్చున్నాడు. మర్నాడు కుర్చీ తెచ్చుకుని షెడ్డుకి వచ్చాడు. ఎక్కించేవాళ్లని పిలిచి, ఎర్ర గీత గురించి నువ్వు రాసిన పేరా నాచేత రెండుసార్లు చదివించాడు. రెండుసార్లూ ముందు వరసలో ఆయనే కూర్చుని విన్నాడు. బొంతల గురించి అత్తయ్య అడుగుతోంది, దానికి నువ్వే ఏదో ఒకటి రాయి.

దళారికి షెడ్డు అప్పజెప్పలేదు. వచ్చి టీ తాగి వెళ్లాడు, ఈసారి కప్పు నేనే కడిగాను. ఏజెంటు ఇంకో దేశంలో ఒకణ్ణి పట్టాడు. వాడు కూడా ఒక్క కంటైనరు చూస్తానన్నాడు. అదీ చెడిపోతే మాత్రం షెడ్డు తలుపులు మూసేయడమే, ఇక దాచడానికేమీ లేదు. ఎల్లుండి ఎక్కిస్తున్నాం. అటు కొసన తలుపు తీసి చూసేది ఎవరో, పెట్టె విప్పి అడుగు దాకా చూస్తాడో, అంకె చూసి వదిలేస్తాడో నాకు తెలియదు. నువ్వైతే బాగుండేది.

అక్క